ఎక్కినవారెందరు, దిగినవారెందరు?

హోసూరు, కృష్ణగిరి సీమల్లో తరతరాలుగా కాపురముంటున్న మన తెలుగువారికి కొండ కొత్త కాదు. వాకిలి తెరిస్తే కొండ కనిపిస్తుంది, మొక్కు తీర్చుకోవాలంటే కొండ ఎక్కాలి, మేకలు మేపాలంటే కొండకే పోవాలి. అందుచేతనే కాబోలు, కొండ అంటే మనకు ప్రేమే గాని భయం లేదు. భయం ఉండాలని మేమూ అనము. ఒంటరిగా కొండ ఎక్కేవాడి సంగతి వేరు, పదిమందిని వెంటబెట్టుకుని ఎక్కేవాడి సంగతి వేరు. ఆ రెండవవాడికి కొంచెం భయం ఉండవలసిందేనని మాకు తెలిసివచ్చింది. ఎలా తెలిసిందో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. అయినా మన సంఘంలో ఏటేటా వనభోజనాలకూ విహారాలకూ పూనుకునే యువకులకు ఉపయోగపడుతుందని దాచకుండా మనవి చేస్తున్నాము.

రాయకోట మీలో చాలామంది చూసే ఉంటారు. హోసూరుకు ఇంచుమించు ముప్పై కిలోమీటర్లు. ఇప్పుడు ఆ ఊరి పేరు చెప్పగానే టమేటా మండీ గుర్తుకు వస్తుంది గాని, ఒకప్పుడు గుర్తుకు వచ్చేది కోటే. బారామహల్ సీమనుంచి మైసూరు పీఠభూమికి ఎక్కే కనుమకు కాపలాగా నిలిచిన కోట అది. 1791లో, మూడవ మైసూరు యుద్ధంలో, మేజర్ గౌడీ అనే దొర సేనతో వచ్చి టిప్పు సుల్తాను మనుషుల చేతుల్లోనుంచి దీనిని పట్టుకున్నాడు. మరుసటి ఏడు శ్రీరంగపట్నం ఒడంబడికతో బారామహల్ అంతా కుంపిణీవారి పాలైంది. ఇప్పుడు పైన మిగిలింది శిథిలమైన గోడలు, బురుజులు, చల్లని గాలి. పెద్ద కొండేమీ కాదు. పెద్ద కొండ కాదు గనుకనే మేము మోసపోయాము.

లెక్క తప్పిన సాయంత్రం

కొన్నేళ్ల క్రిందట ఒక మార్గశిర మాసపు ఆదివారం, మా సంఘం తరఫున రెండు బస్సుల్లో రాయకోటకు బయలుదేరాము. నడిపించే పెద్దలం నలుగురం. ఉదయం ఆరున్నరకు బస్సు కదలాలని కరపత్రంలో వేయించాము. కదిలేసరికి ఎనిమిది దాటింది. దారిలో ఫలహారాలు, ఫోటోలు. కొండ కింద దిగేటప్పటికి తొమ్మిదిన్నర. నడక మొదలయ్యేసరికి పదింపావు. ఎండ అప్పటికే బండలమీద కూర్చున్నది.

కుర్రకారు ముందు పరుగెత్తారు. తల్లులు పిల్లల చేతులు పట్టుకుని మధ్యలో నడిచారు. పెద్దవాళ్లు వెనుక. అరగంటలో మా జనం ఒక పొడుగాటి దారంలా తెగిపోయి, ముందువాళ్లు వెనుకవాళ్లకు కనిపించకుండా పోయారు. మాలో ఇద్దరం ముందున్నాము, ఎందుకంటే పైన నీడ చూసి భోజనాలకు చోటు ఏర్పాటు చేయాలట. తక్కిన ఇద్దరం మధ్యలో కబుర్లలో ఉన్నాము. వెనుక ఎవరున్నారని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే, మా దగ్గర జవాబు లేదు.

పైన చిత్రాన్నం, పెరుగన్నం, పాటలు, పద్యాలు. మూడు గంటలనుంచీ ఎవరికి తోచినప్పుడు వారు దిగడం మొదలుపెట్టారు. అయిదు గంటలకు బస్సుల దగ్గర చేరి, ఇక బయలుదేరుదామా అనుకుంటూ ఉండగా, మోకాళ్ల నొప్పులవల్ల కొండ ఎక్కకుండా కిందనే కూర్చున్న అయ్యవారమ్మ వచ్చి, "మా అయ్యవారు ఏరి నాయనా?" అని అడిగింది.

అయ్యవారు అంటే మాలో సగంమందికి అక్షరాలు దిద్దించిన పెద్దాయన. అరవై ఎనిమిదేళ్లు. ఏరి? ఈ బస్సులో ఉంటారని ఆ బస్సువాళ్లు, ఆ బస్సులో ఉంటారని ఈ బస్సువాళ్లు. లెక్క పెట్టాము. 71 మంది. మళ్లీ పెట్టాము. 73. మూడవసారి 71. అప్పుడు గాని మాకు అసలు సంగతి తట్టలేదు. ఉదయం ఎందరం ఎక్కామో మాకు తెలియదు! పేర్లు ఇచ్చినవారి పట్టీ ఉన్నది. కాని పేరు ఇచ్చి రానివారున్నారు, పేరు ఇవ్వకుండా చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చినవారున్నారు. ఎక్కినవారెందరో తెలియకుండా దిగినవారిని ఎన్నిసార్లు లెక్కపెట్టి ఏమి ప్రయోజనం?

ఆయన సెల్‌ఫోను అయ్యవారమ్మ సంచిలోనే మోగింది. సూర్యుడు కొండ వెనక్కి జారాడు. ఆ రోజుల్లో మన వైపు సాయంత్రం ఆరు కొట్టేసరికి పొద్దు కుంకిపోతుంది. ఇరవైమంది కుర్రాళ్లు మళ్లీ ఎక్కుతామని లేచారు. టార్చిలైట్లు మూడే. చీకట్లో వాళ్లలో మరొకడు తప్పిపోతే? పంపించడానికీ భయం, పంపకుండా ఉండడానికీ భయం. చివరకు ఊరివారిని ఇద్దరిని తోడుచేసి ఆరుగురిని పంపాము. తక్కినవారిని బస్సులు దిగవద్దన్నాము. ఆ రెండు గంటల్లో అయ్యవారమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది.

ఏడున్నర ప్రాంతంలో ఒక మేకల కాపరి భుజంమీద చేయి వేసుకుని, కుంటుకుంటూ అయ్యవారు కొండకు అవతలి పక్కనుంచి చుట్టు తిరిగి వచ్చారు. జరిగింది ఇంతే. మూడు గంటలప్పుడు ఆయన, "నేను మెల్లగా దిగుతూ ఉంటానని పెద్దవాళ్లతో చెప్పరా" అని ఒక ఎనిమిదేళ్ల పిల్లవాడితో చెప్పి బయలుదేరారు. పిల్లవాడు ఆటలో పడి మరిచిపోయాడు. ఆయన దారి తప్పి మేకల బాట పట్టారు. జారుడు బండమీద కాలు మడతపడింది. కేకలు వేశారు, గాలి అటు కొడుతున్నది.

ఆ కాపరికి డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మావైపు ఎగాదిగా చూసి, "ఇంతమందిని తోలుకొని వచ్చినారే సామీ, లెక్క పెట్టుకోలేదా? నేను మేకల్ని దొడ్లోకి తోలేటప్పుడు ఒక్కొక్కదాన్ని తడిమి చూసుకొంటాను గదా" అన్నాడు.

అయ్యవారు మాత్రం మమ్మల్ని ఏమీ అనలేదు. బస్సెక్కిన తర్వాత, చాలాసేపటికి, "కాలు నొప్పి ఏముందిలేరా, తగ్గిపోతుంది. అక్కడ కూర్చుని ఉన్నప్పుడు ఒకటే అనుకున్నాను. నేను లేనని మీకు ఎప్పటికి తెలుస్తుందో అని" అన్నారు. ఆయన కోపంతో అనలేదు. అయినా ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నది.

కొండమీద నిప్పు, ఏటిలో నీరు

మా అదృష్టం బాగుండి మా తప్పుకు ఒక మడమ బెణుకుతో సరిపోయింది. అందరికీ అలా సరిపోదు. మన రాష్ట్రంలోనే తేని జిల్లాలో, నాయక పాళెగాళ్ల పేరుమీద వెలసిన బోడినాయకనూరు దగ్గర, కురంగణి కొండలున్నవి. 2018 మార్చి 11వ తేదీ ఆదివారం, కొళుక్కుమలై వైపునుంచి కురంగణికి దిగుతున్న రెండు జట్లవారిని మధ్యాహ్నం వేళ కార్చిచ్చు చుట్టుముట్టింది. చెన్నైనుంచి వచ్చినవారు, ఈరోడ్, తిరుప్పూరు వైపునుంచి వచ్చినవారు, అంతా కలిసి ముప్పై మందికి పైగానే. చాలామంది ఉద్యోగాలు చేసుకునే యువతులు, కొత్తగా పెళ్లైనవారు. కొందరు కొండమీదనే పోయారు, కొందరు తర్వాత ఆసుపత్రుల్లో పోయారు. మొత్తం ఇరవైమందికి మించి ప్రాణాలు కోల్పోయారు. గాయపడినవారిని దింపడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసివచ్చింది.

ఆ సంగతి చదివినప్పుడు మనమంతా అయ్యో అనుకున్నాము. కాని కొండ ఎక్కించేవారు అయ్యో అని ఊరుకోకూడదు. మాఘం దాటిన తర్వాత మన కొండలమీద బోదగడ్డి ఎండి దూదిలా ఉంటుంది. ఒక నిప్పురవ్వ, కాస్త గాలి చాలు. మంట పల్లానికంటే ఎగువకు వేగంగా పాకుతుంది. పైనున్న గడ్డిని కిందిమంట ముందే కాల్చి సిద్ధం చేస్తుంది గనుక, ఏటవాలు పది డిగ్రీలు పెరిగేకొద్దీ మంట వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని అటవీశాఖవారు లెక్క చెబుతారు. కాబట్టి మంటకు ఎదురుగా కొండపైకి పరుగెత్తడం చేటు. పక్కకు తప్పుకుని గడ్డిలేని బండలమీదికో, ముందే కాలి ఆరిన నేలమీదికో చేరాలి. ఇవి తెలిసిన పెద్ద ఒకడు జట్టులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ రుతువులో ఆ కొండకు జనాన్ని తీసుకుపోకుండా ఉండాలి. ఆ దుర్ఘటన తర్వాత తమిళనాడు ప్రభుత్వం అటవీ ప్రాంతాల్లో కొండనడకలకు నిబంధనలు చేసింది. అనుమతి లేనిదే అడవిలో అడుగు పెట్టకూడదు. 2024లో అటవీశాఖే నలభై దారులు ఎంచి, వాటిమీద స్థానికులైన మార్గదర్శకులను పెట్టి నడిపించడం మొదలుపెట్టింది. అనుమతి కోసం కార్యాలయం చుట్టూ తిరగడం వృథాశ్రమ అని గొణిగేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ కాగితం ఉంటే, ఎందరు ఏ దారిన ఎక్కారో కిందివారికి తెలుస్తుంది. మా అయ్యవారి విషయంలో కరువైనది సరిగ్గా అదే.

నిప్పులాగే నీరు కూడా. 2014 జూన్ 8వ తేదీ సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లో, మండీ జిల్లా తలౌట్ దగ్గర, బియాస్ నదిలో బండలమీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, వారిని తీసుకుపోయినవారిలో ఒకరూ కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ విద్యుత్కేంద్రం ఆనకట్టనుంచి వదిలిన నీరు వచ్చిపడింది. ఎన్ని తెలుగు ఇండ్లలో ఆ రాత్రి దీపం ఆరిపోయిందో! కొత్త చోట ఏరు నిమ్మళంగా కనిపించినంతమాత్రాన దిగరాదు. ఎగువన ఏమున్నదో ఆ ఊరివారిని అడగాలి. అడగడానికి పిల్లలకు తోచదు. తోచవలసింది తీసుకుపోయినవారికి.

తిరుమల మెట్లదారికంటే మనకు తెలిసిన కొండదారి ఏమున్నది? అలిపిరినుంచి 3,550 మెట్లు. 2023 ఆగస్టులో ఆ దారిలోనే కుటుంబంతో నడిచి వెళుతున్న ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్నది. తర్వాత దేవస్థానంవారు చిన్నపిల్లలతో నడిచి ఎక్కడానికి వేళలు నిర్ణయించారు, చేతికర్రలు ఇచ్చారు, భక్తులను గుంపులుగా చేసి కాపలాతో పంపారు. వేలాదిమంది నడిచే దారిలోనే అంత జాగ్రత్త కావలసివస్తే, మన వనభోజనాలకు ఎంత కావాలి? మన వైపు చిరుత సంగతి అటుంచండి, హోసూరునుంచి రాయకోటకు పోయే దారిలో సానమావు అడవికి ఏనుగుల మందలు రావడం మనకు తెలియనిది కాదు.

తీసుకుపోయేవారి బాధ్యత

రాయకోట అనుభవం తర్వాత మేము తెలిసినవారిని అడిగి, చదివి, కొన్ని కట్టుబాట్లు చేసుకున్నాము. గొప్ప విద్యలేమీ కావు. మేకల కాపరికి తెలిసినవే.

మొదటిది లెక్క. కొండ కింద, మొదటి మెట్టు దగ్గర, ప్రతి ఒక్కరి పేరూ రాసుకుంటాము. ఇంట్లోవారి ఫోను నంబరు, ఉన్న జబ్బులు, వేసుకునే మందులు కూడా. గుండెజబ్బు, ఉబ్బసం, చక్కెరజబ్బు ఉన్నవారు దాచకూడదు. ఒక పట్టీ మాతో పైకి, ఒకటి కింద బస్సులో. సగం దారిలో, పైన, దిగేముందు, దిగిన తర్వాత, నాలుగుసార్లు పేరు పిలిచి చూస్తాము. తలలు లెక్కపెడితే చాలదు. ఒకరు తగ్గి, మరొకరు కొత్తగా చేరితే తలల లెక్క సరిపోతుంది.

రెండవది, పదిమందికి ఒక పెద్ద. డెబ్బై మందికి నలుగురు నాయకులంటే నలుగురూ ఎవరికీ నాయకులు కారు. పదిమంది చొప్పున జట్లు చేసి, ఎవరి జట్టుకు వారిని జవాబుదారీ చేస్తే, మనిషి కనిపించకపోతే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

మూడవది, వెనుక కాపు. దారి తెలిసినవాడు ముందు నడుస్తాడు. అంతకంటే ఓర్పు గలవాడు అందరికంటే వెనుక నడుస్తాడు. అతడిని దాటి ఎవరూ వెనుకబడకూడదు. నడక వేగం నిర్ణయించేది ముందువాడు కాదు, అందరిలోకీ నిదానంగా నడిచే మనిషి. ముందుపోయినవారు మలుపు మలుపునా ఆగి వెనుకవారికి కనిపించాలి. వెనుకవారు వచ్చీ రాగానే లేచి నడవడం కూడా తగదు. వారికీ ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి.

నాలుగవది వేళ. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు దేశస్థుడు ఒక లెక్క కట్టాడు. అయిదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట. అది దేహదారుఢ్యం గలవారి లెక్క. పిల్లలూ పెద్దలూ కలిసిన మన జనానికి దానిని రెట్టింపు చేసుకోవడమే మంచిది. పైకి చేరినా చేరకపోయినా ఫలానా గంటకు వెనుదిరగాలని కిందనే నిర్ణయించి అందరికీ చెప్పాలి. కొండమీద నిర్ణయిస్తే ఆశ నిర్ణయిస్తుంది.

అయిదవది, చేతి సరంజామా. మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు, కాస్త ఉప్పు మజ్జిగ, టోపీ లేదా తలగుడ్డ, జారని చెప్పులు, పగటి ప్రయాణమైనా సరే టార్చిలైటు. జట్టుకొక మందుల సంచి. ఎండలో తల తిరిగి, మాట తడబడితే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. పాము కరిస్తే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వంటి నాటు పనులు చేయరాదు. కరిచిన చోటు కదలకుండా కర్రకట్టు కట్టి, మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోను చేయాలి. ఎక్కడ సంకేతం అందుతుందో ఎక్కేటప్పుడే చూసుకుని ఉంచుకోవాలి.

కోట కొండల్లో మరొక శత్రువు ఉన్నది. బండ అంచులకూ బురుజులకూ వేలాడే పెద్ద తేనెపట్లు. పొగ, అత్తరు వాసన, ఒక పిల్లవాడు విసిరిన రాయి చాలు. అవి లేస్తే చేతులతో కొట్టకుండా, తల ముఖం కప్పుకుని, వీలైనంత దూరం పోవాలి. ఉరుము వినిపించగానే శిఖరం దిగాలి, ఒంటిచెట్టు కింద నిలబడరాదు.

ఇవన్నీ నాయకుల పనులే అనుకోకండి. వెంట వచ్చేవారికీ ధర్మమున్నది. చెప్పకుండా జట్టు విడిచిపోరాదు. చెప్పవలసినది పిల్లలతో కబురు చేయరాదు. ఒంట్లో బాగులేకపోతే అభిమానపడి దాచరాదు. వద్దన్నచోట ఫోటోకోసం నిలబడరాదు. కొందరు, "మేము డబ్బు తీసుకోవడం లేదు, సంఘసేవగా చేస్తున్నాము, మాకేమి బాధ్యత?" అంటారు. డబ్బు తీసుకోకపోతే బాధ్యత తగ్గదు. రమ్మని పిలిచినవాడిని నమ్మి ఒక తల్లి తన బిడ్డను పంపింది. ఆ నమ్మకానికి రసీదు ఉండదు గాని బాకీ మాత్రం ఉంటుంది.

వెనుదిరగడం

అన్నిటికంటే కష్టమైనది "చాలు, దిగుదాం" అనడం. ఆ మాట అంటే పిల్లలు మూతి ముడుస్తారు, కుర్రవాళ్లు పిరికివాళ్లంటారు, బస్సుకు డబ్బు పెట్టినవారు సణుగుతారు. మొన్నటి కార్తికంలో మళ్లీ రాయకోట పోయాము. ఈసారి ఒక్క బస్సు, 44 మంది, నాలుగు జట్లు. సగానికి పైగా ఎక్కాము, కోటగోడ కనిపిస్తున్నది. తూర్పున మబ్బు నల్లగా కమ్మింది, గాలి మారింది. వాన పడితే ఆ బండలు నూనె రాసినట్లు జారుతాయి. నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, దిగుదామన్నాము. పెద్ద గొడవే అయింది. ఒక పెద్దమనిషి మాతో రెండు రోజులు మాట్లాడలేదు.

వాన రాలేదు. మేము కిందికి చేరేసరికి మబ్బు విడిపోయి ఎండ కాసింది. బస్సులో అందరూ మమ్మల్ని ఆటపట్టించారు. మేమూ నవ్వాము. మళ్లీ అటువంటి మబ్బు పట్టితే మళ్లీ దింపుతాము. వాన రానందుకు కోట ఎక్కడికీ పోదు, పైయేడు చూడవచ్చు.

అయ్యవారు ఇప్పుడు కొండ ఎక్కరు. మాతో వచ్చి, అయ్యవారమ్మ పక్కన కింద కూర్చుంటారు, ఒడిలో పేర్ల పుస్తకం పెట్టుకుని. ఆ రోజు దిగి వచ్చిన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, పలికినవారి పేరు పక్కన గీత పెట్టారు, చిన్నప్పుడు బడిలో హాజరు వేసినట్లే. నలభై నాలుగవ గీత పడిన తర్వాత పుస్తకం మూసి, కళ్లజోడు తీసి, "ఇక అన్నం పెట్టవే" అన్నారు.